పర్రపాలెం నిద్రవరి

పరిశోధన కేంద్రంలో తుఫాను గాలిని పుట్టించే గాలిమర ఆగాక రైతులందరూ గాజుగదికి ముఖాలు ఆనించి లోపలికి చూశారు. గదిలో రెండు చిన్న మళ్ళున్నాయి. మొదటి మడిలో మామూలు వరి. అది నడుము విరిగి, కంకులు బురదలో కూరుకుపోయి, ఏనుగు తొక్కినట్టుంది. రెండో మడిలోని వరి మాత్రం నీళ్ళ మీద చాప పరిచినట్టు పడుకుని ఉంది. ఒక్క కాండమూ విరగలేదు. ఆకులు సన్నగా చుట్టుకుపోయి కంకులను తమలో దాచుకున్నాయి.

"రెండోదానికి నిన్న పొద్దున మందు చల్లాం" అంది తబిత. ఆ పరిశోధన కేంద్రంలో ఆరేళ్ళుగా ఆ వరి మీదే పనిచేస్తున్న శాస్త్రవేత్త ఆమె. "మందు పడిన కాసేపటికి కాండం మెత్తబడి వాలిపోతుంది. పన్నెండు రోజులు నీళ్ళు తాగదు, ఎదగదు. గాలికి విరగదు, నీళ్ళలో మునిగినా కుళ్ళదు. పదమూడో రోజుకు తనే లేస్తుంది. అయితే పంటకు ఒక్కసారే ఇలా పడుకోబెట్టగలం. లేచాక దిగుబడి నాలుగో వంతు తగ్గుతుంది."

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తుఫానులకు పంటలు పోగొట్టుకున్న మనుషులు వాళ్ళు. సముద్రపు కరకట్టను ఆనుకుని ఉన్న పర్రపాలెం నుంచి వచ్చారు. ఉప్పునేలను పర్ర అంటారు అక్కడ. ఆ పర్రను తాతల కాలం నుంచి కాలవ నీళ్ళతో కడిగి కడిగి మాగాణి చేసుకున్నారు.

శివనాగమ్మ మాత్రం గాజుగది దగ్గర లేదు. ఆమెకు నలభై ఆరేళ్ళు. పర్రపాలెంలో నాలుగెకరాలు చేస్తుంది. భర్త ఆంజనేయులు గదిలో వింత చూస్తుంటే, ఆమె బయట వరండాలో వరి పెంచుతున్న తొట్ల ముందు గొంతుక్కూర్చుని ఉంది.

"అమ్మాయ్, ఒకసారి ఇట్రా" అని తబితను పిలిచింది. "ఈ తొట్లలోదీ ఆ విత్తనమేనా?"

"అదేనండీ."

"దీనిక్కూడా మందు కొట్టారా?"

"లేదండీ. నీళ్ళు తగ్గి వాలిందేమో."

"నీళ్ళు నిండుగా ఉన్నయ్ గదమ్మా. ఎండి వాలిన ఆకు పెళుసుగా ఉంటది. ఇది మెత్తగా, లోపలి దాని మాదిరే చుట్టుకుంది. పడుకుంది ఇది."

తబిత తొట్ల వైపు చూసింది. గాజుగది గాలిని బయటకు తోసే పంకా వైపు చూసింది. పంకా సరిగ్గా ఆ తొట్లకు ఎదురుగానే తిరుగుతోంది. ఆమె ముఖంలో రంగు మారిపోయింది.

రెండు నెలల పరీక్షల తరువాత సంగతి తేలింది. పడుకున్న వరి ఒక వాసన విడుస్తుంది. మనిషి ముక్కుకు అందని వాసన. అది సోకిన అదే జాతి వరి కూడా పడుకుంటుంది. ఒక చేనుకు మందు కొడితే అర మైలు దూరంలోని చేలన్నీ ఒకదాని వెంట ఒకటి వాలిపోతాయి. ఆరేళ్ళలో తమ కళ్ళకు కనబడనిది ఆ రైతమ్మకు ఒక్క పూటలో ఎలా కనబడిందని కేంద్రంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. డైరెక్టరుగారు మాత్రం తల పట్టుకున్నారు. ఎవరి చేనుకు వాళ్ళు వాడుకునే మందు కాదిది. ఊరంతా కలిసి పడుకోబెట్టాలి, లేదా ఊరంతా కలిసి వదిలెయ్యాలి.

అందుకని తబిత నేరుగా పర్రపాలేనికే వచ్చింది. ఆ ఊరి మాగాణి నూట ఎనభై ఎకరాలు. ఒక పక్క కరకట్ట, ఒక పక్క మురుగుకాలవ, మూడో పక్క రొయ్యల చెరువులు, నాలుగో పక్క సరుగుడు తోట. ఏం జరిగినా ఆ ఊరి చేలలోనే జరుగుతుంది, పక్కూరికి సోకదు.

పాఠశాల వరండాలో ముప్పై ఎనిమిది కుటుంబాలవాళ్ళు కూర్చున్నారు. మాట తెమలలేదు. అందరిదీ ఒకే ఊరు, ఒకే వరి, కానీ భయాలు ఒకటి కావు. కాలవ మొదట్లో మెరక చేలున్న కోటినాగులుకు వాన అంటే లెక్కే లేదు, తెగులంటే వణుకు. చివర పల్లపు చేలవాళ్ళకు తెగులు లెక్కలేదు, నీళ్ళంటే వణుకు. ఆంజనేయులుకు అన్నీ భయాలే. ఆకాశంలో మబ్బు తునక కనబడితే కొడవలి వెతుక్కునే మనిషి. మూడుసార్లు కోసిన పనలు నీళ్ళలో తేలడం చూశాడు మరి.

"మీ పల్లపోళ్ళు భయపడి పడుకోబెడితే మా మెరకోళ్ళకి ఊరికే నాలుగో వంతు పోతది గదా" అన్నాడు కోటినాగులు. అరవై ఏళ్ళవాడు, ఊళ్ళో పెద్దగొంతు. "ఆ నష్టం ఎవరికి చెప్పుకోవాలి?"

శివనాగమ్మ లేచింది.

"బావగారూ, పైరంతా కలిసి పడుకునేటప్పుడు ధాన్యం మాత్రం ఎవరిది వాళ్ళకెందుకు? ఈ ఏటికి కుప్ప ఒక్కటే వేద్దాం. ఎకరాల చొప్పున పంచుకుందాం. అప్పుడు మెరకా లేదు, పల్లమూ లేదు. పోతే అందరికీ కొంచెం పోతది, ఒకళ్ళకే అంతా పోదు."

ఆ మాట మీద మూడు పూటలు వాదులాడుకున్నారు. నాలుగో పూట ఒప్పుకున్నారు. తబిత తన వంతుగా ఒక మాట ఇచ్చింది. తుఫాను వచ్చే అవకాశం నూటికి ఎంతో కేంద్రంలోని యంత్రం లెక్క కట్టి చెబుతుంది. ఆ అంకె ఊరికి అందజేస్తుంది. పడుకోబెట్టాలా వద్దా అన్నది మాత్రం ఊరు చెప్పాలి.

శ్రావణంలో నారు ఊడ్చారు. నిద్రవరి అని దానికి పేరు కూడా ఊరివాళ్ళే పెట్టారు. మామూలు వరిలాగే పిలకలు వేసింది, మామూలు వరిలాగే పురుగు కొట్టించుకుంది. శివనాగమ్మ రోజూ పొద్దున్నే గట్టు మీద తిరిగి ఆకు పట్టి చూసేది. ఆంజనేయులు రోజూ సముద్రం దాకా పోయి మురుగుకాలవ మూతికున్న ఇనుప తలుపులు చూసివచ్చేవాడు. ఆ నాలుగు తలుపులూ ఊరి మురుగు సముద్రంలోకి పోనిస్తాయి, పోటు నీళ్ళను లోపలికి రానివ్వవు. ఎవరూ అతనికి ఆ పని అప్పగించలేదు. చూడకపోతే అతనికి అన్నం సయించదు, అంతే.

అక్టోబరు మూడో వారంలో, పైరు పొట్ట మీదుండగా తబిత జీపులో దిగింది. వెనక మందు చల్లే డ్రోను పెట్టె ఉంది.

"అరవై రెండు" అంది. "ఇంత పెద్ద అంకె ఎప్పుడూ రాలేదు. ఎల్లుండి సాయంత్రానికి తుఫాను తీరం తాకుతుంది."

ఆంజనేయులు వెంటనే "కొట్టించెయ్యండి తల్లీ" అన్నాడు. చాలామంది తలలూపారు. శివనాగమ్మ చేలోకి దిగి ఒక కాండం పగలదీసి, లోపలి లేతకంకిని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇప్పుడు పడుకోబెడితే నవంబర్లో మన దగ్గర ఏముంటది?" అంది. "ఒక్కసారే గదా మందు. అక్టోబర్లో వచ్చేది వాన నీళ్ళు. పార పట్టుకుంటే పోయే నీళ్ళు. నవంబర్లో వచ్చేది ఉప్పు నీళ్ళు. అవి పారతో పోవు. నేల కూడా చచ్చిపోద్ది. చేత్తో తీసే ముప్పుకి ఇప్పుడే మందు వాడేసుకుంటే, చెయ్యి అందని ముప్పు వచ్చిన రోజున ఏం చేద్దాం?"

"అరవై రెండు పిన్నీ" అంది తబిత.

"తుఫాను వస్తదనే గదా ఆ అంకె చెప్పేది? రానియ్యి. వచ్చాక మేం ఏం చెయ్యగలమో దానికెట్టా తెలుస్తది తల్లీ?"

అరగంటలో మాట తిరిగింది. కోటినాగులు మొదటగా వద్దన్నాడు, తక్కినవాళ్ళు ఒక్కొక్కరుగా వద్దన్నారు. అంతలో తబిత ఫోను మోగింది. అవతల డైరెక్టరుగారు. అంకె యాభై దాటితే ఎవరి మాటా వినకుండా మందు కొట్టెయ్యాలని ఆయన పట్టు. ఊరి మాట కోసం ఆగితే ఆరేళ్ళ పరిశోధన నీళ్ళపాలవుతుందని ఆయన భయం.

"డ్రోను తాళం నా దగ్గరుంది సార్" అంది తబిత గట్టు మీద నిలబడి. "ఊరు వద్దంది. నేను వాళ్ళకు మాటిచ్చాను... సరే సార్. రాసిస్తాను."

నష్టం వస్తే పూర్తి బాధ్యత తనదేనని ఆ గట్టు మీదే కూర్చుని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కేంద్రానికి పంపించింది. శివనాగమ్మ ఆమె పక్కనే నిలబడి ఉంది. ఆ కాగితంలో ఏముందో చదవకుండానే ఆమెకు అర్థమైంది. ఒక ఊరి మాట నిలబెట్టడానికి ఆ పిల్ల ఏం పణం పెడుతోందో చూసి గుండె బరువెక్కింది.

తుఫాను వచ్చింది. రెండు రోజులు కుండపోత. మూడో రోజు ఉదయానికి చేలన్నీ ఒకే చెరువైపోయాయి. ఊరంతా పారలు పట్టుకుని దిగింది. మురుగుకాలవలోని గుర్రపుడెక్క పీకారు, నీళ్ళు పోయే బోదెలు తవ్వారు. అయినా నీరు కదలడం లేదు. చివరనున్న పల్లపు చేల గట్లు అడ్డంగా ఉన్నాయి. ఆ గట్లు తెగ్గొడితే నీళ్ళన్నీ ఆ చేల మీదుగా కాలవలో పడతాయి. ఆ చేలు మాత్రం మిగలవు.

అవి శివనాగమ్మ నాలుగెకరాలు.

కోటినాగులు పార పక్కన పెట్టి నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. శివనాగమ్మ భర్త వైపు తిరిగింది.

"ఏమయ్యా, పార ఇయ్యి."

"నాగమ్మా..."

"పడుకోబెట్టొద్దని చెప్పింది నేనే గదా. పార పట్టుకుంటే నీళ్ళు పోతయ్యన్నదీ నేనే. ఇయ్యి."

ఆంజనేయులు పార ఇవ్వలేదు. తనే ముందుకు నడిచి మొదటి వేటు వేశాడు. గట్టు తెగి నీళ్ళు బుసకొడుతూ వాళ్ళ పైరు మీదుగా దూకాయి. పొట్ట మీదున్న వరి వేళ్ళతో సహా లేచిపోతుంటే దంపతులిద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి చూశారు. నాలుగు రోజుల్లో మిగిలిన నూట డెబ్భై ఆరు ఎకరాలూ తల బయటపెట్టాయి. అయితే అంత నీరూ ఒక్కసారిగా మీద పడేసరికి, కాలవ మూతి తలుపులు రెండు ఊడి సముద్రంలోకి కొట్టుకుపోయాయి.

నవంబరు వచ్చింది. కంకులు వేసిన చేలు గింజ పాలు పోసుకుంటున్నాయి. మళ్ళీ వాయుగుండం. తబిత మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె ముఖం తేటగా ఉంది.

"ఇరవై నాలుగే. ఉత్తరంగా వెళ్ళిపోతుందట. మందు అక్కర్లేదంటున్నారు డైరెక్టరుగారు."

పాఠశాల వరండాలో నవ్వులు వినిపించాయి. వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఆంజనేయులు మాత్రం నవ్వలేదు. "కాలవ మూతికి తలుపులు రెండే ఉన్నయ్, కొత్తవింకా రాలేదు" అని భార్యతో అన్నాడు. "గురువారం అమావాస్య."

శివనాగమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. లేచి నిలబడింది.

"తుఫాను మన మీదకి రానక్కర్లేదు. దూరంగా పోయినా సముద్రం పొంగుద్ది. అమావాస్య పోటుకి ఆ పొంగు తోడైతే, తలుపుల్లేని కాలవ గుండా ఉప్పు నీళ్ళు నేరుగా చేలల్లోకొస్తయ్. ఇప్పుడు పడుకోబెట్టాలి."

"పాలు పోసుకునే పైరుని పడుకోబెడతావా?" కోటినాగులు కస్సుమన్నాడు. "నాలుగో వంతు పోతది. ఇరవై నాలుగంటే రాదనే లెక్క. అయినా నీ చేలో పైరే లేదు గదా నాగమ్మా. పోయేది మాది, చెప్పేది నువ్వా?"

అప్పుడు స్తంభం దగ్గరి నుంచి ఆంజనేయులు లేచాడు. ఆ ఊరి సమావేశాల్లో అతను లేచి నిలబడి మాట్లాడటం చూసినవాళ్ళు లేరు.

"మా చేలో పైరు ఎందుకు లేదో, నీ చేలో ఉన్న పైరునడుగు నాగులన్నా. అది చెప్తది." అతను కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. "నేను పిరికోణ్ణని మీ అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ రోజూ ఆ తలుపులు చూసొచ్చింది ఆ పిరికితనంతోనే. నా మాట నమ్మొద్దు. నాతో రండి, ఆ మూతి దగ్గర నిలబడి మీ కళ్ళతో చూడండి."

ముప్పై మంది నడిచి వెళ్ళారు. తబిత కూడా వెళ్ళింది. పోటు లేని వేళే అయినా, తలుపులు పోయిన కంతల్లోంచి సముద్రపు నీరు లోపలికి వస్తూనే ఉంది. తబిత వంగి వేలితో నీళ్ళు నాలుక మీద పెట్టుకుంది. యంత్రానికి ఈ తలుపుల సంగతి ఎవరూ చెప్పలేదని అప్పుడు గ్రహించింది.

"నిజం చెప్పాలి మీకు" అంది లేచి. "పడుకున్న వరిని ఉప్పు నీళ్ళలో మూడు రోజులే పరీక్షించాం. అంతకన్నా ఎక్కువ నిలిస్తే ఏమవుతుందో నాకు తెలియదు."

"పడుకోకపోతే ఏమవుద్దో మాకు తెలుసు" అంది శివనాగమ్మ.

ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ సరేనన్నాక కోటినాగులు వంతు వచ్చింది. అతను తలపాగా తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "ముందు నా చేలోనే కొట్టండి" అన్నాడు.

బుధవారం ఉదయం డ్రోను కోటినాగులు చేని మీద మందు చల్లింది. కాసేపటికి పైరు తలలు వంచింది. ఆ తరువాత గాలివాటున పక్క చేను, దాని పక్క చేను, ఎవరో దుప్పటి కప్పుతూ పోతున్నట్టు, మధ్యాహ్నానికి నూట డెబ్భై ఆరు ఎకరాలూ నేల మీద వాలిపోయాయి. ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నిలబడి ఉన్న పంటను కావాలని పడుకోబెట్టడం వాళ్ళెవరూ ఎరగని పని.

తుఫాను ఉత్తరంగానే పోయింది. అంకె తప్పలేదు. పర్రపాలెంలో నాలుగు చినుకులైనా పడలేదు. కానీ గురువారం పోటుకు సముద్రం మురుగుకాలవ గుండా ఎగదన్నింది. మోకాలెత్తు ఉప్పు నీళ్ళు ఆరు రోజులు చేలల్లో నిలిచాయి. కరకట్ట వెంబడి అదే పోటు ఎక్కిన పక్క ఊళ్ళలో మామూలు వరి ఆరో రోజుకు ఎర్రబారి మాడిపోయింది. ఇక్కడ పైరు నీళ్ళ అడుగున ఉంది. బతికి ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

నీరు తీశాక కాలవ నీళ్ళు పెట్టి రెండుసార్లు చేలు కడిగారు. పన్నెండో రోజు గడిచింది. పదమూడో రోజున ఊరంతా గట్ల మీద నిలబడింది. పైరు లేవలేదు. తబిత ఆ పూట అన్నం ముట్టలేదు. "నా లెక్క తప్పింది పిన్నీ. ఆ ఉప్పు..." అని ఆగిపోయింది.

పద్నాలుగో రోజు తెల్లవారుతుండగా శివనాగమ్మ ఒక్కతే కోటినాగులు చేలోకి దిగి, ఒక ఆకు పైకెత్తి వెలుతురుకు పట్టింది. తరువాత గట్టు మీదున్న తబితను కేకేసింది.

"ఇటు చూడమ్మాయ్! ఆకంతా తడిస్తే అది మంచు. కొసన ఒక్క బొట్టే ఉంటే అది వేరు పైకి పంపిన నీళ్ళు. చూడు, ప్రతి ఆకు కొసనా బొట్టే! తాగుతోంది. లేచింది మన పైరు!"

తబిత బురదలోకి దూకి ఆమెను కౌగలించుకుంది. సాయంత్రానికి కాండాలు చేతి ఎత్తు లేచాయి. మరునాటికి నిలబడ్డాయి.

డిసెంబరులో కోసి పాఠశాల ముందు ఉమ్మడి కుప్ప పోశారు. నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువే తగ్గింది. అయినా ఆ తీరమంతా వెతికితే ఆ ఏడు కనబడిన ధాన్యం కుప్ప అదొక్కటే. కొలతల రోజున శివనాగమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఒక్క గింజా పండని చేనుకు వాటా అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. మధ్యాహ్నం ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది.

"సంచులు తేలేదేంటమ్మా?" కోటినాగులు గొంతు వీధంతా వినబడింది. "అందరూ కొలుచుకుని పోతన్నారు. నాలుగెకరాల ధాన్యం నేనొక్కణ్ణే మొయ్యాలా ఏంటి? ఆంజనేయులూ, ఒక చెయ్యి వెయ్యి!" బస్తాలు దించుతూ అతను ఆమె వైపు చూడలేదు. చివరి బస్తా దించాక మాత్రం, "ఆ రోజు తప్పు మాట్లాడాను" అని చెప్పి ట్రాక్టరెక్కాడు.

ఆ వారంలోనే డైరెక్టరుగారు వచ్చారు. తబిత రాసిచ్చిన కాగితం వెంట తెచ్చి, ఆమె చేతికే తిరిగి ఇచ్చేశారు. తరువాత ఆంజనేయులును పిలిచి కాలవ మూతి చూపించమన్నారు. పెద్ద చదువుల మనిషి పుస్తకం తెరిచి పట్టుకుంటే, ఆంజనేయులు ఏ తలుపు ఎప్పుడు తుప్పు పట్టిందో, ఏ పోటుకు నీళ్ళు ఎంతదాకా వస్తాయో ఒక పూటంతా చెప్పాడు. ఆయన ఒక్క మాటా వదలకుండా రాసుకున్నారు. దూరం నుంచి చూస్తున్న శివనాగమ్మకు, పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో భర్త అంత నిటారుగా నిలబడటం చూసినట్టు గుర్తులేదు.

ఉప్పు నీళ్ళకు పంట పోగొట్టుకున్న దిబ్బలపాడు నుంచి ముగ్గురు పెద్దమనుషులు విత్తనం కోసం వచ్చారు. శివనాగమ్మ వాళ్ళకు మజ్జిగ ఇచ్చింది.

"గింజలిస్తాం. అందులో ఇబ్బందేం లేదు" అంది. "కానీ ఇది ఒక్కళ్ళు వేసుకునే వరి కాదండీ. మీ ఊళ్ళో అందరూ కూర్చుని, ఎవరికి ఏ భయముందో బయటపెట్టుకుని, ఒక మాట మీదకి రావాలి. ఎంత కష్టమో మేం చూశాం. ముందు అది చూసుకుని రండి."

ముగ్గురూ ముఖాలు ముడుచుకుని వెళ్ళిపోయారు. ఇక రారులే అనుకున్నాడు కోటినాగులు.

తొమ్మిదో రోజు ఉదయం ఊరి మొదట్లో ట్రాక్టర్ల మోత వినిపించింది. ఒకటి కాదు, ఐదు. వాటి నిండా దిబ్బలపాడు ఊరు ఊరంతా ఉంది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, నడవలేని ముసలివాళ్ళు కూడా. గొంతులన్నీ బొంగురుపోయి ఉన్నాయి. ఎన్ని పూటలు అరుచుకున్నారో వాళ్ళను చూస్తేనే తెలిసిపోతోంది.

ముందు ట్రాక్టరులోంచి ఒక పెద్దాయన దిగి, వెనకనున్న జనాన్ని చేత్తో చూపించాడు.

శివనాగమ్మ కళ్ళు నిండాయి. కొంగు నడుముకు దోపుకుని, "బావగారూ" అని కేకేసింది కోటినాగులును, "విత్తనాల గది తలుపు తియ్యండి!"